ఐదక్షరాల ఇంగ్లీషు పదాలు, అక్షరాల కుర్చీలాట

వర్డుల్ అని ఒక ఆన్‌లైన్ ఆట ఉంది, దాచిపెట్టిన ఐదక్షరాల ఇంగ్లీషు పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అది ఆడేవాళ్లకి ఈ అవస్థ కొత్తేం కాదు. రెండో ప్రయత్నంలో ‘నైట్’ అని కొట్టారనుకుందాం, రాత్రి అనే అర్థంలో, ఎన్-ఐ-జి-హెచ్-టి. మొదటి గడి బూడిద రంగులోకి మారింది, అంటే ఆ అక్షరం పదంలో లేదు. మిగతా నాలుగూ ఆకుపచ్చగా వెలిగాయి, అంటే అక్షరమూ చోటూ రెండూ సరైనవే. ఐదింట్లో నాలుగు దొరికేశాయి, ఇంకా నాలుగు ప్రయత్నాలు చేతిలో ఉన్నాయి, ఇంకేముంది గెలిచేసినట్టే అనిపిస్తుంది. కానీ ఆ ఖాళీ గడిలో ‘ఇ’ పెడితే ఎయిట్, ‘ఎఫ్’ పెడితే ఫైట్, ‘ఎల్’ పెడితే లైట్, ‘ఎమ్’ అయితే మైట్, ‘ఆర్’ అయితే రైట్, ‘ఎస్’ అయితే సైట్, ‘టి’ అయితే టైట్. అందరికీ తెలిసిన పదాలే ఏడు, ఉన్న ఛాన్సులు నాలుగు. ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోతే ఏడింట్లో మూడు వంతులు ఓడిపోవడానికే ఉంది. అదే పక్కవాళ్లకి తెలిసింది ఒకే ఒక్క అక్షరం, మొదటి గడిలో ‘జెడ్’ ఉందని. ఆ ఆట మొదట్లో జవాబులుగా పెట్టుకున్న జాబితాలో ‘జెడ్’తో మొదలయ్యేవి మూడే మూడు: జీబ్రా, జెస్టీ, జోనల్. వాళ్లు మూడు ప్రయత్నాల్లో కళ్లు మూసుకుని గెలుస్తారు. నాలుగక్షరాలు తెలిసినవాళ్లేమో గోళ్లు కొరుక్కుంటుంటారు.

ఎన్ని అక్షరాలు తెలుసు అన్న లెక్క అందుకే పెద్దగా పనికిరాదు. ‘ఐదక్షరాల పదం కావాలి, మధ్యలో ‘ఎ’ ఉండాలి, చివర ‘ఇ’ ఉండాలి, ఎక్కడో ఒక చోట ‘ఆర్’ ఉండాలి’ అంటూ నెట్‌లో వెతికేవాళ్లు బోలెడంత మంది. క్రాస్‌వర్డ్ నింపేవాళ్లు, అక్షరాల బిళ్లలతో బోర్డు మీద పదాలు పేర్చే స్క్రాబుల్ ఆడేవాళ్లు, పిల్లలకి స్పెల్లింగు ఆటలు తయారుచేసేవాళ్లు, అందరిదీ అదే ప్రశ్న. ఒక రకంగా అది అవధానాల్లో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలని అడిగే న్యస్తాక్షరే, ఛందస్సు ఒక్కటే తక్కువ. ఈ ప్రశ్నకి నాలుగే పదాలు దొరుకుతాయా నాలుగొందలా అన్నది, ఆ అక్షరానికి ఇంగ్లీషు పదంలో ఎక్కడ కూర్చునే అలవాటుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ అలవాట్లు ఊరికే రాలేదు, చాలావాటి వెనక వందల ఏళ్ల నాటి రాతగాళ్ల చేతివాటం ఉంది.

ముందు ఒక చిన్న చిక్కు తేల్చుకోవాలి. తెలుగులో రాసుకుంటే ‘నైట్’ రెండక్షరాలు. ఇంగ్లీషులో ఐదు. మన అక్షరం శబ్దం కొలత, వాళ్లది గుర్తు కొలత. ‘జి’, ‘హెచ్’ రెండూ ఆ పదంలో అసలు పలకవు, అయినా చెరో గడీ ఆక్రమించుకుని కూర్చుంటాయి. ఎప్పుడో పాత ఇంగ్లీషులో అక్కడ గొంతులోంచి వచ్చే గరగరమనే ధ్వని ఒకటి ఉండేది, తర్వాతి రాతగాళ్లు దాన్ని ‘జి-హెచ్’ జంటతో రాశారు, పోను పోను ఆ ధ్వని పోయింది, గుర్తు మాత్రం మిగిలిపోయింది. వర్డుల్‌లో మనల్ని ముంచే ఆ ఏడు పదాల గుంపు తయారైంది అలాగే. పలుకుబడిని బట్టి పదాలు వెతికేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చెవికి ఒకేలా వినిపించే ‘రైట్’, ‘రైట్’ రెండింట్లో ఒకటి కుడి, ఆర్-ఐ-జి-హెచ్-టి, ఇంకోటి రాయడం, డబ్ల్యూ-ఆర్-ఐ-టి-ఇ. రెండూ ఐదక్షరాలే, ఉమ్మడిగా ఉన్నవి మూడక్షరాలు, వాటిలో ఒక్కటి కూడా ఒకే గడిలో లేదు.

ఇక లెక్కల్లోకి వద్దాం. 26 అక్షరాలతో ఐదు గళ్లు ఎలా పడితే అలా నింపితే 1,18,81,376 రకాలుగా నింపొచ్చు. వర్డుల్ మొదట్లో ప్రయత్నంగా ఒప్పుకున్న పదాలు మొత్తం 12,972. అంటే అడ్డదిడ్డంగా ఐదక్షరాలు పేరిస్తే సుమారు 900 సార్లకి ఒకసారి పదం అవుతుంది. అదే రెండక్షరాల దగ్గరికొస్తే 676 జంటల్లో, 2018 నాటి ఉత్తర అమెరికా స్క్రాబుల్ జాబితా ప్రకారం 107 పదాలున్నాయి, దాదాపు ఆరింటికి ఒకటి. పొడవు పెరిగే కొద్దీ ఖాళీ స్థలం 26 రెట్ల చొప్పున పెరుగుతుంది, పదాలేమో ఆ వేగం అందుకోలేవు. పొట్టి పదాల్లో ఒక అక్షరం తెలిసినా పెద్దగా ఒరిగేదేం లేకపోవడం, పొడుగు పదాల్లో రెండు మూడు అరుదైన అక్షరాలు తెలిస్తే పదం దానంతటదే బయటపడటం, రెండింటికీ కారణం ఇదే.

ఇంగ్లీషులో ఎక్కువగా కనబడే అక్షరాలేవి అని అడిగితే ‘ఇ’, ‘టి’, ‘ఎ’, ‘ఓ’ అని టకటకా చెప్పేవాళ్లుంటారు. పప్పులో కాలేసేది ఇక్కడే. ఆ వరస రాసిన వాక్యాల్లో అక్షరాలని లెక్కపెడితే వచ్చేది. ఒక పేజీలో ‘ద’ అనే పదం, టి-హెచ్-ఇ, ముప్పై సార్లొస్తే ముప్పై సార్లూ లెక్కలోకి వస్తుంది. గూగుల్ స్కాన్ చేసిన పుస్తకాల్లోంచి తీసిన 743 బిలియన్ పదాల మీద కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ చేసిన లెక్కలో ఆ ఒక్క పదమే దాదాపు 7 శాతం. ‘టి’కి 9.28 శాతంతో రెండో స్థానం, ‘హెచ్’కి తొమ్మిదో స్థానం వచ్చాయంటే అందులో ‘ద’ చేసిన పని చాలా ఉంది. ఇప్పుడు అదే లెక్కని పదాల జాబితా మీద చేయండి, ఒక్కో పదాన్నీ ఒక్కసారే లెక్కేస్తూ. వర్డుల్ తొలి జవాబుల జాబితాలోని 2,315 పదాల్లో ‘ఇ’ 1,233 సార్లు, ‘ఎ’ 979 సార్లు, ‘ఆర్’ 899 సార్లు వస్తాయి. ‘టి’ ఐదో స్థానానికి జారింది. ‘హెచ్’ పద్నాలుగుకి పడిపోయింది. వాక్యాల్లో పంతొమ్మిదో స్థానంలో ఉండే ‘వై’ మాత్రం పన్నెండుకి ఎక్కి కూర్చుంది. మన ప్రశ్న ‘ఈ అక్షరం ఉన్న పదాలెన్ని’ అయితే రెండో లెక్కే కావాలి, మొదటిది తీసుకుంటే దారి తప్పినట్టే.

మొదటి లెక్క వృథా అని కాదు, దాని అవసరం వేరు. మోర్స్ సంకేతాల్లో ‘ఇ’కి ఒక్క చుక్క, ‘టి’కి ఒక్క గీత ఇచ్చింది అందుకే, రోజంతా పంపాల్సిన అక్షరాలు పొట్టిగా ఉంటే చేతికి శ్రమ తగ్గుతుంది. పేపర్లు అచ్చేయడానికి అక్షరాల వరసల్ని పోతపోసే పాత లైనోటైప్ యంత్రాల మీద కూడా మీటలు వాడకం వరసలోనే ఉండేవి, ఎడమ పక్క మొదటి నిలువు వరసలో ఇ-టి-ఎ-ఓ-ఐ-ఎన్, రెండో దాంట్లో ఎస్-హెచ్-ఆర్-డి-ఎల్-యు. తప్పు పడిన వరసని పారేయాలనుకున్నప్పుడు కంపోజిటర్లు ఆ మీటల మీద వేలు జరజరా పైనుంచి కిందికి లాగి వరస నింపేసేవాళ్లు. అది తీసేయడం మరిచిపోతే ‘ఎటావోయిన్ ష్రడ్లూ’ అనే అర్థంలేని మాట పేపర్లో అచ్చయిపోయేది.

స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ మోషర్ బట్స్ ఆర్కిటెక్టు. 1930ల మాంద్యంలో పనిలేక ఉన్నప్పుడు దినపత్రికల పేజీలు ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టి, దాన్ని బట్టి ఏ బిళ్లలు ఎన్ని ఉండాలో తేల్చుకున్నాడు. 100 బిళ్లల్లో ‘ఇ’ 12, ‘ఎ’, ‘ఐ’ తొమ్మిదేసి. ‘క్యూ’, ‘జెడ్’ ఒక్కొక్కటే, పది పాయింట్లు. కానీ ‘ఎస్’ నాలుగే పెట్టాడు, అది లెక్క తప్పి కాదు. బిళ్లలు ఎక్కువుంటే ప్రతివాడూ ఎదుటివాడి పదం చివర ‘ఎస్’ తగిలించి బహువచనం చేసేసి పాయింట్లు పట్టుకుపోతాడు, ఇక ఆట ఏముంటుంది.

ఈ బహువచనం ‘ఎస్’ గొడవ వర్డుల్‌లో ఇంకా బాగా కనబడుతుంది. ఆ ఆట తయారుచేసిన జోష్ వార్డుల్ దగ్గర మొదట్లో సుమారు 12 వేల ఐదక్షరాల పదాలున్నాయి, అందులో చాలావరకు ఎవరూ వినని పదాలు. ఆయన జీవిత భాగస్వామి పాలక్ షా వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసి, తెలిసినవీ తెలియనివీ వేరుచేస్తే జవాబుల జాబితా రెండు వేల పైచిలుకుకి దిగింది. 2021 నవంబరు 1న ఆడినవాళ్లు 90 మంది, రెండు నెలల్లో 3 లక్షలు, 2022 జనవరి నెలాఖరుకి న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. మనకి కావాల్సిన సంగతి ఏంటంటే, ప్రయత్నంగా కొట్టడానికి ఒప్పుకునే 12,972 పదాల్లో దాదాపు 4 వేలు ‘ఎస్’తో ముగుస్తాయి, అందులో అధిక భాగం బహువచనాలు, లేదంటే క్రియకి ‘ఎస్’ చేర్చిన రూపాలు. జవాబుల జాబితాలో ‘ఎస్’తో ముగిసేవి 36. అంతే. పెద్ద జాబితాలో అక్షరాలు లెక్కపెడితే ‘ఎస్’ ఏకంగా ‘ఇ’ని దాటి మొదటి స్థానంలో నిలుస్తుంది, చిన్న జాబితాలో ఎనిమిదో స్థానం. భాష అదే, పొడవు అదే, జాబితా మారేసరికి లెక్క తలకిందులైంది. ‘ఐదక్షరాల పదాల్లో ఎక్కువగా ఉండే అక్షరం ఇదీ’ అని ఎవరైనా ఢంకా బజాయించి చెబితే, ఏ జాబితా అని అడగాలి.

చోటు సంగతికి వస్తే ‘ఎస్’ కథే మళ్లీ చూడాలి. ఆ 2,315 పదాల్లో ‘ఎస్’ మొదటి గడిలో 366 సార్లు, రెండో గడిలో 16, మూడో గడిలో 80, నాలుగో గడిలో 171, ఐదో గడిలో 36. మొదట్లో అంత బలం ఎందుకంటే, పదారంభంలో ‘ఎస్’ పక్కన చాలా హల్లులు ఒదిగిపోతాయి: ఎస్-టి, ఎస్-పి, ఎస్-సి, ఎస్-ఎల్, ఎస్-ఎన్, ఎస్-డబ్ల్యూ, ఎస్-హెచ్. మూడు హల్లులు వరసగా పదం మొదట్లో రావాలంటే, పలుకుబడిలో మొదటిది ‘ఎస్’ కాక తప్పదు, స్ట్రింగ్, స్ప్లిట్ లాగా. రెండో గడిలో చోటు లేకపోవడానికి కారణం కూడా అదే స్వభావం, తన ముందు ఇంకో హల్లుని ‘ఎస్’ రానివ్వదు. సైక్‌లో ఉన్నట్టు గ్రీకు నుంచి వచ్చిన పి-ఎస్ లాంటివి మాత్రం మినహాయింపు.

‘హెచ్’ ఇంకా తమాషా. మొదటి గడిలో 69, రెండో గడిలో 144, ఐదో గడిలో 139. మరి మధ్య గడిలో? తొమ్మిది. మొత్తం 389 సార్లలో తొమ్మిదంటే తొమ్మిది, అదర్, ఎథిక్, అషర్ లాంటివి. ఎందుకంటే మొదటి గడి తప్పిస్తే ‘హెచ్’ ఒంటరిగా బతకలేని అక్షరం. సి-హెచ్, ఎస్-హెచ్, టి-హెచ్, డబ్ల్యూ-హెచ్ అని ఎవరో ఒకరి భుజం పట్టుకునే తిరుగుతుంది, ఆ జంటలు పదం మొదట్లోనో చివర్లోనో కూర్చుంటాయి. కాబట్టి ఒక ప్రయత్నంలో ‘హెచ్’ పసుపు రంగులో వచ్చిందంటే, అంటే ఉంది కానీ ఆ గడిలో లేదు అంటే, కంగారు పడక్కర్లేదు. రెండో గడి, ఐదో గడి చూసుకుంటే మూడు వంతుల్లో రెండు వంతుల పైన అక్కడే దొరుకుతుంది. అక్షరం ఉందా లేదా అని మాత్రమే చెప్పే జాబితాలు ఈ సంగతి చెప్పవు, వాటి పెద్ద లోపం అదే.

‘వై’ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. 425 సార్లలో 364 చివరి గడిలోనే. నామవాచకానికి ‘వై’ తగిలిస్తే విశేషణం అయిపోతుంది కదా, రెయిన్ నుంచి రెయినీ, రస్ట్ నుంచి రస్టీ. నాలుగక్షరాల పదానికి ‘వై’ కలిపితే ఐదక్షరాల పదం చేతికొస్తుంది, ఆ పొడవులో ‘వై’ ఇంతగా పేరుకుపోవడానికి కారణం అదే. మొదటి గడిలో ‘వై’ ఉన్న జవాబులు మొత్తం ఆరు: యాట్, యర్న్, యీస్ట్, యీల్డ్, యంగ్, యూత్. అచ్చులు ఎ-ఇ-ఐ-ఓ-యు ఒక్కటీ లేని పదాలు కావాలంటే కూడా దిక్కు ‘వై’యే. నింఫ్, లించ్, క్రిప్ట్, ట్రిస్ట్, పిగ్మీ, స్లైలీ, ఆరక్షరాలకి వెళ్తే రిథమ్. ‘వై’ కూడా వద్దంటే వేల్స్ నుంచి వచ్చిన తీగ వాయిద్యం పేరొకటి ఉంది, సి-ఆర్-డబ్ల్యూ-టి-హెచ్, క్రూథ్ అంటారు. అక్కడ ‘డబ్ల్యూ’ అచ్చు పని చేస్తుంది.

‘ఇ’ చివరి గడిలో 424 సార్లు. ఇందులో ఎక్కువ భాగం మూగ ‘ఇ’. క్రేన్, స్లేట్, స్టోన్, స్పైక్, వీటన్నిటి చివర ఉన్న ‘ఇ’ని ఒకప్పుడు పలికేవాళ్లు. పలకడం మానేశాక అది ముందున్న అచ్చుని సాగదీయమని చెప్పే గుర్తుగా మిగిలింది. నాలుగక్షరాల ప్లాన్, పి-ఎల్-ఎ-ఎన్, చివర ‘ఇ’ పెడితే ప్లేన్.

కొన్ని అక్షరాలు చివర ఎందుకు కూర్చోవు అన్నది ఇంకా పసందైన విషయం. ఆ జాబితాలో ‘వి’తో ముగిసే పదం ఒక్కటీ లేదు, ‘జె’తో లేదు, ‘క్యూ’తో లేదు. ‘వి’ శబ్దంతో ముగిసే పదాలు లేక కాదు, గ్లవ్, డ్రైవ్, సర్వ్, సాల్వ్, నెర్వ్, ఎబవ్, అన్నీ ఉన్నాయి, కానీ అన్నిటి చివరా ‘ఇ’ తోక ఉంది. 17వ శతాబ్దం దాకా ఇంగ్లీషులో ‘యు’, ‘వి’ ఒకే అక్షరానికి రెండు ఆకారాలు, పదం మొదట్లో ఒక ఆకారం రాసేవాళ్లు, మధ్యలో ఇంకో ఆకారం. పదం చివర ఆ గుర్తు కనబడితే అది అచ్చో హల్లో చదివేవాడికి తెలిసేది కాదు, తోకగా ‘ఇ’ పెడితే హల్లని తేలిపోయేది. తర్వాత రెండూ వేరు అక్షరాలయ్యాయి, తోక అవసరం తీరిపోయింది, అయినా హ్యావ్, గివ్, లవ్ అన్నిటికీ అది ఇవాళ్టికీ వేలాడుతూనే ఉంది. అందుకని నాలుగో గడిలో ‘వి’ ఉందని తేలితే ఐదో గడిలో ముందు ‘ఇ’ పెట్టి చూడొచ్చు, కర్వీ, హెవీ లాంటి ‘వై’ పదాలని పక్కన గుర్తుపెట్టుకుంటే చాలు. స్క్రాబుల్‌లో ‘వి’ బిళ్ల పట్టుకున్నవాళ్ల ఏడుపు వేరే, రెండక్షరాల పదాల్లో ‘వి’ ఉన్నది ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు, మూలన ఇరుక్కుంటే అంతే సంగతులు.

‘జె’ కూడా అంతే, ‘ఐ’ అక్షరానికి తోక మొలిచి పుట్టింది, వేరే అక్షరంగా స్థిరపడేసరికి ఆలస్యమైంది. అప్పటికే చివరి శబ్దానికి డి-జి-ఇ అనే మూడక్షరాల ఏర్పాటు పాతుకుపోయింది: జడ్జ్, బ్యాడ్జ్, రిడ్జ్, లాడ్జ్, హెడ్జ్, ఫడ్జ్. రాజ్, తాజ్ లాంటి బయటి పదాలకి మాత్రమే చివర ‘జె’ దక్కింది. జడ్జ్ అన్న ఒక్క పదంలోనే మొదట ‘జె’, చివర డి-జి-ఇ, ఒకే ధ్వనికి రెండు వేషాలు.

‘క్యూ’ వస్తే మాత్రం వరం దొరికినట్టే. ఆ 2,315 పదాల్లో ‘క్యూ’ ఉన్నవి 29, ఇరవై తొమ్మిదింటిలోనూ పక్కన ‘యు’ ఉంది, ఒక్క మినహాయింపు లేదు. అందులో 23 పదాల్లో ‘క్యూ’ మొదటి గడిలోనే. మిగిలిన ఆరూ ఈక్వల్, ఎక్విప్, పీక్, స్క్వాడ్, స్క్వాట్, స్క్విబ్. పాత ఇంగ్లీషులో క్వీన్‌ని, క్విక్‌ని సి-డబ్ల్యూతోనే రాసేవాళ్లు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక, ఫ్రెంచి రాతకి అలవాటు పడిన చేతులు వాటిని క్యూ-యుగా మార్చేశాయి. ‘యు’ లేని ‘క్యూ’ కావాలంటే ఎక్కువగా అరబ్బీ, చైనీస్ మాటల దగ్గరికే వెళ్లాలి. ఫకీర్, ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్. నికాబ్, ఎన్-ఐ-క్యూ-ఎ-బి. బుర్ఖా, బి-యు-ఆర్-క్యూ-ఎ, ఇందులో ‘యు’ ఉన్నా ‘క్యూ’ పక్కన కాదు. మన చెవికి బాగా అలవాటైన మాటలే, ఇంగ్లీషులో మాత్రం స్క్రాబుల్ ఆటగాళ్ల చివరి ఆసరా. క్యూ-ఐ అని రాసే చైనీస్ ‘చీ’ రెండే అక్షరాలు, ‘యు’ దొరకని ఆటలో ‘క్యూ’ని వదిలించుకునే దారి అదే.

ఏ అక్షరాలు ముందు అడగాలి అన్నది వేరే గొడవ. చాలామంది అడ్యూ కొడతారు, ఎ-డి-ఐ-ఇ-యు, ఒక్క దెబ్బకి నాలుగు అచ్చులు తేలిపోతాయని. వినడానికి బాగానే ఉంటుంది కానీ దానికి అంత గిరాకీ ఎందుకో అర్థం కాదు. అచ్చులు తెలిస్తే పదం తెలిసిపోదు. రెండో గడిలో ‘ఇ’, మూడో గడిలో ‘ఎ’ అని తెలిసినా బీచ్, టీచ్, రీచ్, బీస్ట్, డెత్, హార్ట్, లెర్న్, పెర్ల్, అలా పోతూనే ఉంటాయి. అదే హల్లులు తెలిస్తే? పి-ఎల్, ఖాళీ, ఎన్-టి. ప్లాంట్ తప్ప ఇంకేం పట్టదు. సి-ఆర్, ఖాళీ, ఎస్-హెచ్ అంటే క్రాష్, క్రష్, రెండే. పదానికి ఎముకలు హల్లులు. కాకపోతే అన్నీ హల్లులే అడిగినా చిక్కే, అందుకని స్లేట్, క్రేన్ లాంటివి నిలబడ్డాయి, రెండు అచ్చులు, మూడు బలమైన హల్లులు, పైగా ‘ఇ’ తనకి బాగా అలవాటైన చివరి గడిలో.

దీని వెనక ఉన్న లెక్క 1948లో గణితవేత్త క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలిచిన పద్ధతే. ఒక ప్రశ్నకి జవాబు మిగిలిన అవకాశాలని సగానికి సగం కోసేస్తే అది ఒక బిట్ సమాచారం. 2,315 పదాల్లోంచి ఒకటి తేల్చాలంటే సుమారు 11.2 బిట్లు కావాలి, అంటే సగం సగం కోసుకుంటూ పదకొండు పన్నెండు సార్లు అడగాలి. ‘ఇ’ ఉందా అని అడిగితే ఉన్న పదాలు సగానికి కొంచెం తక్కువ కాబట్టి, ఔనన్నా కాదన్నా జాబితా దాదాపు సగమవుతుంది. ‘క్యూ’ ఉందా అని అడిగితే లేదనే జవాబే వస్తుంది ఎక్కువగా, దాంతో పోయేవి 29 పదాలు. ఔనంటే పండగే, కానీ ఆ పండగ 80 ఆటలకి ఒకసారి వస్తుంది. దానికి తోడు వర్డుల్ రంగులు ఔను కాదుల కంటే ఎక్కువ చెబుతాయి, ఐదు గళ్లకీ మూడేసి రంగులు, అందుకే ఆరు ప్రయత్నాలు సాధారణంగా సరిపోతాయి.

కంప్యూటరుతో వెతికేవాళ్లకి ఇంత ఆలోచన అక్కర్లేదు. పదాల ఫైలు ఒకటి ఉండాలి, తెలియని ప్రతి గడికీ ఒక చుక్క పెట్టాలి, తెలిసిన చోట అక్షరం రాయాలి. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన గ్రెప్ అనే చిన్న ప్రోగ్రాం ఈ పనే చేస్తుంది, నెట్‌లో కనబడే పద వెతుకులాట పేజీలు కూడా లోపల ఇలాంటి పనే చేస్తాయి. అక్షరాలు తెలిసి వాటి వరస తెలియకపోతే ఇంకో ఉపాయం ఉంది. పదంలోని అక్షరాలని వర్ణమాల వరసలో పేర్చేయడం. స్లేట్‌ని పేరిస్తే ఎ-ఇ-ఎల్-ఎస్-టి వస్తుంది. స్టేల్, స్టీల్ (దొంగతనం అనే అర్థంలోది), లీస్ట్, టేల్స్, వేటిని పేర్చినా అదే వస్తుంది. జాబితా మొత్తాన్ని ఒకసారి ఇలా పేర్చి పెట్టుకుంటే ఏ ఐదక్షరాలిచ్చినా వాటితో అయ్యే పదాలన్నీ ఒకే చోట దొరుకుతాయి.

ఇన్ని చేసినా తేలనిది ఒకటుంది, పదం అంటే ఏది. అమెరికాలో కలర్ ఐదక్షరాలు, బ్రిటన్‌లో ఆరు. ఫైబర్ రెండు చోట్లా ఐదే కానీ చివర ఒకచోట ఇ-ఆర్, ఇంకోచోట ఆర్-ఇ. 2022 మొదట్లో వర్డుల్ జవాబుగా ‘యు’ లేని ఫేవర్ వచ్చినప్పుడు బ్రిటన్ ఆటగాళ్లు భగ్గుమన్నారు, వాళ్ల లెక్కలో అది ఆరక్షరాల పదం మరి. స్క్రాబుల్‌కి కూడా ఒకే నిఘంటువు లేదు, ఉత్తర అమెరికాలో 107 రెండక్షరాల పదాలు చెల్లితే, 2019 కాలిన్స్ జాబితాలో 127 చెల్లుతాయి. ఆట ఎక్కడ ఆడుతున్నారో చెప్పకుండా ‘ఇది పదమా కాదా’ అని వాదించుకునేవాళ్లు తెల్లారేదాకా వాదించుకోవచ్చు.

మళ్లీ మొదటి చిక్కు దగ్గరికి. నాలుగు గళ్లు ఆకుపచ్చ, ఎయిట్, ఫైట్, లైట్, మైట్, రైట్, సైట్, టైట్ మిగిలాయి, చేతిలో నాలుగు ప్రయత్నాలు. ఇప్పుడు జవాబు కోసం వెతకడం ఆపి, ఫిల్మ్స్ అని కొట్టాలి, ఎఫ్-ఐ-ఎల్-ఎమ్-ఎస్. బహువచనం కాబట్టి అది జవాబు అయ్యే అవకాశం దాదాపు లేదు, కానీ ప్రయత్నంగా చెల్లుతుంది, ఆ 4 వేల ‘ఎస్’ పదాల్లో అదొకటి. ‘ఎఫ్’ ఆకుపచ్చగా వస్తే ఫైట్. ‘ఎల్’ పసుపైతే లైట్, ‘ఎమ్’ పసుపైతే మైట్, ‘ఎస్’ పసుపైతే సైట్. ఈ నాలుగింట్లో ఏదీ వెలగకపోతే ఎయిట్, రైట్, టైట్ మూడే మిగులుతాయి, ప్రయత్నాలు కూడా మూడు మిగులుతాయి. ఏ దారిన వెళ్లినా ఓటమి లేదు. తెలిసిన అక్షరాలని ప్రతిసారీ వాడి తీరాలనే హార్డ్ మోడ్‌లో మాత్రం ఫిల్మ్స్ చెల్లదు, అక్కడ మళ్లీ ఏడింట్లో నాలుగే.